మోకాలికి మొక్కని మొక్కు

నా కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు మాట్లాడుతుంది. మొదట్లో గొణిగేది. నలభై అయిదు దాటాక గొంతు పెంచింది. ఒకసారి ఆఫీసు మెట్ల మీద నా వెనక దిగుతున్న మేనేజరు తన పెన్ను విరిగిందనుకుని జేబు తడుముకున్నాడు. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను. జనం దెబ్బలు తగిలాయని రాసిచ్చే కాయితాలు చూసి, నిజంగా తగిలాయా లేదా అని అనుమానపడటం నా పని. సొంత మోకాలిని అనుమానపడే సౌకర్యం మాత్రం లేకుండా పోయింది.

డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఆయన తెల్ల కోటుకి మధ్య బొత్తాం పెట్టుకోవడం కుదరడం లేదు గనక ఆ మాట కాస్త సిగ్గుపడుతూనే అన్నాడు. సరే, పరిగెత్తుదామనుకుని కౌలాలంపూర్‌లో ఓ పెద్ద మాల్‌కి వెళ్ళి బూట్ల కొట్లో దూరాను. అక్కడి అబ్బాయి నన్ను మర మీద పరిగెత్తించి నా పాదాలకి సినిమా తీశాడు. తర్వాత దాన్ని నెమ్మదిగా తిప్పి చూపిస్తూ, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన సర్జన్ ముఖం పెట్టి, "మేడమ్, మీ పాదం లోపలికి పడిపోతోంది" అన్నాడు. లోపలికి పడిపోతున్న పాదాన్ని ఆదుకోవడానికి నాకు ఓ జత బూట్లు అంటగట్టాడు. వాటి అడుగులు రెండు రొట్టె ముక్కల మందం. అవి వేసుకుంటే నేను మా ఆయన కంటే పొడుగు. ఆయన నా పక్కన నిలబడటం మానేశాడు.

ఆ బూట్లతో కొన్ని వారాలు పరిగెత్తాను. కుడి మోకాలు కేకలు మొదలెట్టింది. ఎడమది దానికి వంత పాడటం మొదలెట్టింది.

ఆఫీసులో నా పక్క సీటు చీనా ఆవిడది. నా కంటే పెద్దది. మధ్యాహ్నం అందరం అన్నం తిని కునికిపాట్లు పడుతుంటే, ఆవిడ మాత్రం కుర్చీ కింద చెప్పులు విప్పి కాలివేళ్ళతో పెన్సిల్ ఎత్తే సాధన చేస్తూ ఉంటుంది. ఆవిడకి ఓ జత బూట్లున్నాయి. వాటిలో వేలికో గది. చూస్తే అచ్చం కప్ప కాలు. నేను ఆ కప్ప కాళ్ళని చూసి చాలాకాలం నవ్వుకున్నాను. మోకాళ్ళు రెండూ మొత్తుకోవడం మొదలెట్టాక నవ్వు ఆపి, "నాక్కూడా అలాంటివి కావాలి" అని అడిగాను.

"ఇవి కూడా తర్వాత లా. ముందు వట్టి కాళ్ళతో మొదలుపెట్టు," అంది ఆవిడ. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటే.

"వట్టి కాళ్ళతోనా? రోడ్డు మీదా?"

"రోడ్డు మీదే. నున్నటి రోడ్డు మీద. తప్పుగా పరిగెడితే నేల చెప్తుంది, కాలు వింటుంది. బూటు వేసుకుంటే ఎవరికీ ఏమీ వినబడదు."

తర్వాత ఓపిగ్గా నేర్పింది. అడుగులు చిన్నవిగా, తొందరతొందరగా వెయ్యాలి. కాలు ముందుకి చాపకూడదు, ఒంటి కిందే పడాలి. మడమతో నేలని గుద్దకూడదు, పాదం ముందుభాగం ముందు ఆనాలి, తర్వాత మడమ మెల్లగా తాకాలి. మోకాలు కొంచెం వంగి ఉండాలి. నీ అడుగు చప్పుడు నీకు వినబడితే తప్పు చేస్తున్నట్టు లెక్క.

"ఎంత దూరం?"

"ఈ దీపస్తంభం నుంచి ఆ దీపస్తంభం దాకా. తర్వాత ఇంటికెళ్ళిపో. మర్నాడు విశ్రాంతి. ఇంకా పరిగెత్తాలని ఉండగానే ఆపెయ్యాలి, అదే అసలు కష్టం."

నేను మిక్సీ కాలిపోయాక దాంతో వచ్చిన పుస్తకం చదివే మనిషిని. ఆవిడ చెప్పిందంతా తలాడించి విన్నాను.

మర్నాడు తెల్లవారగానే మా గేటు దగ్గర చెప్పులు విప్పాను. మాది ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్ళ తామాన్, అంటే కాలనీ. మధ్యలో పిల్లలు బంతాట ఆడే పడాంగ్, దాని చుట్టూ తారు రోడ్డు. రాత్రి వాన పడి రోడ్డు చల్లగా, తడిగా ఉంది. నాలుగు అడుగులు వేశానో లేదో, ఇన్నేళ్ళుగా నా అరికాళ్ళు నిద్రలో ఉన్నాయని తెలిసింది. ఎవరో కారు కడిగిన సబ్బు నీళ్ళు, కాలవ మీద ఇనప మూత చల్లదనం, రోడ్డుకి అతుకు వేసినచోట గరుకు, రాలిన పూవు మెత్తదనం, అన్నీ ఒక్కసారిగా తెలుస్తున్నాయి. అడుగులు వాటంతట అవే చిన్నవయ్యాయి. చప్పుడు లేదు. మోకాలు నోరు మూసుకుంది. దీపస్తంభం వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది. నేను ఆగలేదు. పడాంగ్ చుట్టూ తిరిగి, తామాన్ అంతా తిరిగి, రాణిలాగా ఇంటికొచ్చి, మా ఆయన్ని లేపి నా అరికాళ్ళు చూపించాను. ఆయన నల్లగా ఉన్నాయన్నాడు.

మర్నాడు మంచం దిగబోతే మడమలు నేలకి ఆనలేదు. పిక్కలు రెండూ బిగుసుకుని రాళ్ళయిపోయాయి. గోడ పట్టుకుని మెట్ల దాకా వచ్చాను గానీ ముందుకి దిగడం సాధ్యం కాలేదు. వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగుతున్నాను. కింద హాల్లో మా అత్త కాఫీ గ్లాసు పట్టుకుని నన్నే చూస్తోంది.

మా అత్త పుట్టింది బటాంగ్ బెర్జుంటైలో, రబ్బరు ఎస్టేటులో. ఆవిడ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మా ఇంట్లో ఎవరి తెలుగులోనైనా సగం తమిళం, పావు మలయ్ కలుస్తుంది గానీ ఆవిడది మాత్రం ఆ ఓడలో వచ్చిన తెలుగే.

"ఏటయినాదే? అలా ఎనక్కి దిగుతున్నావేటి?"

"పిక్కలు పట్టేసినాయి అత్తా."

"బూట్లేసుకుని పరిగెత్తితే మోకాళ్ళు పోయినాయి. బూట్లిప్పి పరిగెత్తితే పిక్కలు పోయినాయి. మరి పరిగెత్తడం మానేస్తే ఏటి పోతాది?"

మిగతా మెట్లు కూడా వెనక్కే దిగాను.

అత్తకి నా పిక్కల కంటే పెద్ద బాధ ఇంకోటుంది. "ఎస్టేటులో సెప్పుల్లేకండా తిరిగినోళ్ళం మేం. మా ఇంటి కోడలు కౌలాలంపూర్‌లో సెప్పుల్లేకండా తిరగడానికేటి ఇంత దూరం వచ్చినాం?" ఆ దూరం కారులో గంట కంటే కొంచెం ఎక్కువ. ఆవిడ అనే తీరు చూస్తే సముద్రం ఈదుకుంటూ వచ్చిందనిపిస్తుంది.

పిక్కలు సర్దుకున్నాక, ఈసారి బుద్ధిగా మొదలుపెట్టాను. ఓ దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా పరుగు, ఇంటికి నడక. మర్నాడు విశ్రాంతి. చీనా ఆవిడ చెప్పింది నిజం, ఆపడమే కష్టం. కాళ్ళు ఇంకా ఇంకా అంటుంటే ముసలి గుర్రంలా ఇంటి ముఖం పట్టడానికి మహా నామోషీగా ఉండేది. మెల్లగా అరికాళ్ళు గట్టిపడ్డాయి. గట్టిపడటమంటే మొద్దుబారడం కాదు, ఇంకా తెలివి మీరాయి. దురియాన్ పండు ముళ్ళ తొక్క ఎక్కడ పడి ఉందో కళ్ళ కంటే ముందు కాళ్ళకి తెలిసేది.

ఒక్క శుక్రవారం మాత్రం వాటికి తెలియలేదు. మూల మీద ఎవరో దిష్టి తీసి, నిమ్మకాయ రెండు ముక్కలుగా కోసి, కుంకుమ అద్ది, రోడ్డు మధ్యలో పడేశారు. నేను సరిగ్గా దాని మీదే అడుగేశాను. చిన్న గీత ఎక్కడో ఉన్నట్టుంది, పులుపుకి అరికాలు భగ్గుమంది. ఒంటికాలి మీద గెంతుతూ ఇంటికొచ్చాను. అత్త నా ఎర్రటి పాదం చూసి, రక్తమనుకుని కంగారుపడి, వాసన చూసి, నిమ్మకాయని తెలిశాక ఇంకా కంగారుపడింది.

"ఓలమ్మో! ఊళ్ళోవాళ్ళ దిష్టంతా అరికాలితో ఇంటికి తెచ్చినావు కదే!"

"కడిగేస్తే పోతుంది అత్తా."

"నీళ్ళతో పోయేదయితే ఆళ్ళే కడుక్కుందురు. రోడ్డు మీద ఏల పడేస్తారు?"

గేటు బయటే నిలబెట్టి ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. పక్కింటి మలయ్ పెద్దాయన గోడ మీద గెడ్డం ఆనించి చూస్తున్నాడు. ఆయన తెల్లవారుజామున నమాజు చేసుకుని తిరిగొచ్చేవేళకి నేను తరచూ ఎదురుపడుతూ ఉంటాను. "బూట్లు పోయాయా?" అని మలయ్‌లో అడిగాడు. "లేదు, మోకాళ్ళ నొప్పి" అన్నాను. ఆయన "ఓ" అని లోపలికెళ్ళి ఏదో తైలం సీసా తెచ్చిచ్చాడు. మొత్తం తామాన్‌లో నన్ను తిన్నగా అడిగి తిన్నగా జవాబు పొందిన మనిషి ఆయనొక్కడే. ఎందుకంటే ఆయన అడిగినప్పుడు నేను రొప్పుతూ లేను.

ఎదురింటి తమిళావిడ అడిగినప్పుడు రొప్పుతున్నాను. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆవిడ రిటైరయిన నర్సు. పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గేస్తుంది. ముగ్గు చిన్నదే గానీ వీధిలో ఎవరొచ్చారో ఎవరెళ్ళారో తేలేదాకా అవదు. ఆ రోజు నేను ఆఫీసులో ఊరికే ఇచ్చిన పసుపుపచ్చ టీషర్టు వేసుకున్నాను. ఆ మూలనుంచి కొంచెం పౌరుషంగా పరిగెత్తుకొచ్చి, ఆవిడ గేటు ముందు ఆగాను. ఊపిరి అందడం లేదు.

ఆవిడ నా కాళ్ళకేసి చూసింది. పసుపుపచ్చ చొక్కాకేసి చూసింది. ఇక్కడ మొక్కున్నవాళ్ళు కట్టేది పసుపుపచ్చే. గొంతు తగ్గించి, "ఏమ్మా, చెప్పుల్లేవు... నేర్త్తికడనా?" అంది. అంటే మొక్కా అని.

'అబ్బే, కాదండీ' అందామనుకున్నాను. మాట రాలేదు. ఊపిరి కోసం గుండె మీద చెయ్యి వేసుకుని, ఆకాశంకేసి తలెత్తి, కళ్ళు మూసుకున్నాను. తల మాత్రం అడ్డంగా ఊపాను. అయితే మన తల ఊపు సంగతి మీకు తెలుసు, అది అవునూ కాదు, కాదూ కాదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

"అర్థమైందమ్మా. మౌనం కూడా ఉందన్నమాట. మాట్లాడకు, మాట్లాడకు," అని తప్పుకుని దారిచ్చింది.

చేపల వ్యాను వచ్చే వేళకి మా వీధికి తెలిసింది. వారం తిరిగేసరికి తామాన్‌కంతా తెలిసింది. ఫలానా ఇంటి కోడలు చెప్పుల్లేకుండా, మాట్లాడకుండా, పసుపు కట్టుకుని పరిగెడుతోంది. ఊరికే నడిచే మొక్కు చూశాం గానీ పరిగెత్తే మొక్కు ఎప్పుడూ చూడలేదు, ఎంత పెద్ద కష్టమో పాపం.

నాకు ఆ సంగతి తెలియదు. పొద్దున్నే మనుషులు మారిపోయారని మాత్రం గమనించాను. కుక్కని ఎప్పుడూ గొలుసు లేకుండా తిప్పే ఆయన దాన్ని ఎత్తుకుని పక్కకి నిలబడుతున్నాడు. నడిచేదారి మీద కారు ఎక్కించిపెట్టే ఆయన కారు దించేశాడు. ఎవరో నా దారిలో గాజుపెంకులు ఊడ్చేశారు. పరిగెత్తేవాళ్ళంటే ఈ దేశంలో ఎంత గౌరవమో అనుకుని మురిసిపోయాను. ఓ రోజు మా గేటుకి అరటిపళ్ళ సంచి వేలాడుతోంది. తినేశాను కూడా.

మొక్కు ఎందుకు అన్నది తేలాలి కదా. తామాన్ దానికీ జవాబు కనిపెట్టింది. నాకు తెలిసింది మంగలి కొట్టు ద్వారా.

ఆదివారం మా ఆయన గెడ్డం చేయించుకోవడానికెళ్ళి సగం గెడ్డంతో తిరిగొచ్చాడు. కుడి చెంప నున్నగా, ఎడమ చెంప మీద నురగ. మెడకి కొట్టువాడి తువ్వాలు ఇంకా వేలాడుతోంది. నేనూ అత్తా వంటింట్లో ఉన్నాం.

"నా లివరుకేటయినాది?" అన్నాడు గుమ్మంలోంచే.

పెళ్ళికి ముందు నుంచీ ఆయన్ని నువ్వు అనడం నాకలవాటు. అత్త ఎదురుగా మాత్రం మీరు అంటాను. "మీ లివరుకి ఏమైంది?" అన్నాను మర్యాదగా.

"నన్నడుగుతావేటి! మంగలాడు కత్తి నా గొంతు మీద పెట్టి, 'అన్నా, అక్క మీ లివరు కోసం చెప్పుల్లేకండా పరిగెత్తుతోంది. ఇప్పుడైనా ఆ తాగుడు మానకూడదా' అన్నాడు. కొట్లో అందరూ నాకేసే చూస్తున్నారు లా! నేను తాగుబోతునా?"

మా ఆయన తాగుడు ఎంతంటే, పెళ్ళి విందులో ఓ బీరు సీసా ముందుపెట్టుకుని, అది అయ్యేలోపు కుర్చీలో నిద్రపోతాడు. ఊళ్ళోవాళ్ళ పెళ్ళి ఫోటోలన్నింటిలో ఈయన నోరు తెరుచుకునే ఉంటాడు. జనం దాన్ని చూసే లివరు అనుకుని ఉంటారు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయన కోపం రెండింతలైంది. "ఇప్పుడే వెళ్ళి ఆ ఎదురింటావిడకి నిజం చెప్పు. మొక్కూ లేదు మోకాలూ లేదు అని చెప్పు."

"మోకాలుంది," అన్నాను.

అప్పుడు అత్త, కూర కలుపుతున్న గరిటె ఆపి, "ఒద్దు," అంది.

ఇద్దరం అటు తిరిగాం.

"ఇన్నాళ్ళూ గుడికెల్తే నన్ను స్తంభం ఎనకాతల కూకోబెట్టినారు. దేవుడి ముకం కూడా అగుపడదు. మొన్న శుక్రవారం ఆడాళ్ళ సంఘం పెద్దావిడే వచ్చి, 'రండమ్మా, మీ కోడలు అంత మొక్కు మొక్కినాది' అని ఫాను కింద కుర్సీ ఏసినాది. ఫాను కింద! ఇప్పుడు మొక్కు నేదంటే ఆ కుర్సీ ఉంటాదేటి?"

"అమ్మా! నా లివరు..." అన్నాడు ఆయన.

"నీ లివరుకి ఏటీ నేదని అమ్మోరికి తెలుసు. ఈళ్ళకి తెలీకపోతే ఏటి?"

ఆయన తువ్వాలు తీసి బల్ల మీద కొట్టి, ఎడమ చెంప తనే గీసుకోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడే పంతానికి పోయి రక్తపరీక్ష చేయించుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత డాక్టరు దగ్గరనుంచి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. "ఏమన్నారు?" అని అడిగాను. "లివరు చిన్నపిల్లాడి లివరంట. ఏ మచ్చా లేదంట," అన్నాడు. మరి ఆ ముఖమేమిటి అంటే, "షుగరు," అన్నాడు. చాలా ఎక్కువుందట. తెలియకుండానే ఎన్నాళ్ళనుంచో ఉండి ఉంటుందట. రోజూ నడవకపోతే మాత్రలు పెంచుకుంటూ పోవాలట.

ఆ సాయంత్రం ఆయన మాల్‌కెళ్ళి బూట్లు కొనుక్కున్నాడు. నా రొట్టెముక్కల కంటే ఓ ముక్క ఎక్కువ మందం. వట్టి కాళ్ళ సలహా ఆయనకి పనికిరాదు. ఆయనకి మందులిచ్చినాయనే పాదాలు జాగ్రత్త, చెప్పుల్లేకుండా తిరగొద్దని గట్టిగా చెప్పాడు. మర్నాటినుంచి పొద్దున్నే నేను చెప్పుల్లేకుండా పరుగు, వెనకాల ఆయన అంత ఎత్తున నడక. చూసినవాళ్ళకి ఇంక సందేహమేముంటుంది? తాగుబోతు మొగుడు మారాడు. మొక్కు ఫలించింది.

ఫలించిన మొక్కు తీర్చాలి. గుడిలో అందరూ అత్తని ఎప్పుడూ ఎప్పుడూ అని అడగడం మొదలెట్టారు. ఆవిడ ఓ శుక్రవారం ఖాయం చేసేసి, తర్వాత నాకు చెప్పింది. "పొంగలి నాను వండుతాను. నువ్వు ఊరికే గుడి సుట్టూ తిరిగి కొబ్బరికాయ కొట్టు. అంతే. నీకేటి కష్టం? ఎలాగా సెప్పుల్లేవు."

వెళ్ళాం. ఆఫీసుకి సెలవు పెట్టాను. కారణం అడిగితే సొంత పని అన్నాను. మిట్టమధ్యాహ్నం గుడి ప్రాకారం రాళ్ళు కాలిపోతున్నాయి. మిగతావాళ్ళు తడి గోనె పట్టా మీద నడుస్తుంటే నేను మొక్కున్నదాన్ని గనక వట్టి రాతి మీదే తిరగాలన్నారు. తిరిగాను. చిన్న అడుగులు, తొందర అడుగులు, చప్పుడు లేకుండా. చీనా ఆవిడ చూస్తే మెచ్చుకునేది. వెనక ఎదురింటి తమిళావిడ పూలదండ పట్టుకుని, ఆ వెనక సంఘం ఆడవాళ్ళందరూ. అత్త ఫాను కింద కుర్చీలో, పట్టుచీర కట్టుకుని, పెళ్ళి జరిపిస్తున్న పెద్ద ముత్తైదువలా కూచుంది.

గర్భగుడి ముందుకొచ్చాక పూజారి హారతి పళ్ళెం పట్టుకుని దగ్గరికొచ్చాడు. వయసు మళ్ళిన మనిషి. నాకు మాత్రమే వినబడేలా, "ఏం మొక్కుకున్నావమ్మా? చెబితే ఆ పేరు మీద అర్చన చేస్తాను," అన్నాడు.

అబద్ధం ఆడటానికి నోరు తెరిచాను. ఎదురుగా అమ్మోరు కళ్ళింత చేసుకుని చూస్తోంది. తామాన్‌ని మోసం చెయ్యడం వేరు, ఈవిడని వేరు అనిపించింది. ఇన్సూరెన్సు ఆఫీసులో అబద్ధాలు రోజూ చూసేదాన్ని, అవి ఎలాంటి ముఖం మీద ఎలా కనిపిస్తాయో నాకు తెలుసు.

"స్వామీ, ఏమీ మొక్కుకోలేదు. నాకు మోకాళ్ళ నొప్పి. చెప్పుల్లేకుండా పరిగెత్తితే తగ్గుతుందన్నారు. మొక్కు వీళ్ళు పెట్టారు."

ఆయన పళ్ళెం కాస్త దించాడు. కోప్పడతాడనుకున్నాను.

"తగ్గిందా?" అన్నాడు.

"కొంచెం తగ్గింది."

"నేను చిన్నప్పటినుంచీ గుడిలో చెప్పుల్లేకుండానే ఉన్నాను. నా మోకాళ్ళు రెండూ పోయాయి," అన్నాడు. ఆ గొంతులో అమ్మోరి మీద చిన్న ఫిర్యాదు కూడా ఉంది.

ఆ ఒక్కమాటతో చెప్పుల్లేకపోవడం మీద నా నమ్మకం సగం కూలిపోయింది. అయినా చీనా ఆవిడ నేర్పింది గుర్తుచేసుకుని, "మీరు మోకాళ్ళు బిగబట్టి నిలబడతారేమో స్వామీ. కొంచెం వదులుగా వంచి ఉంచాలట. ఇలాగ," అని చూపించాను. ఆయన పళ్ళెం పట్టుకునే కొంచెం వంగి చూశాడు. "ఇలాగా?" "మడమ మీద బరువు వద్దు. ఇప్పుడు ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు." ఆయన హారతి అటూ ఇటూ ఊగుతుండగా ఉన్నచోటే చిన్న చిన్న అడుగులు వేశాడు.

వెనకనుంచి పట్టుచీరల గరగర వినబడింది. తిరిగి చూస్తే ఎదురింటావిడ మోకాళ్ళు వంచి, కళ్ళు మూసుకుని, భక్తితో అడుగులేస్తోంది. ఆవిడ వెనక వరసంతా కూడా. పూజలో ఇదో భాగమనుకున్నారు. పూజారి ఓ క్షణం వాళ్ళని చూసి, నన్ను చూసి, గంట మోగించాడు.

కారులో ఇంటికొస్తుంటే అత్త వెనక సీట్లో కిటికీ పక్కన కూచుంది. మా ఆయన బండి నడుపుతున్నాడు.

"పూజారికేటి సెప్పినావు?" అంది.

"నిజమే చెప్పినాను అత్తా. మోకాలని."

తిడుతుందనుకున్నాను. కుర్చీ పోయిందంటుందనుకున్నాను.

"ఆయనేటన్నాడు?"

"ఆయనకీ మోకాళ్ళ నొప్పులేనట."

"నాకూ నొప్పులే," అంది. "నన్నెవులు అడిగినారు?"

మా ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. నేను కూడా ఆవిడకేసి తిరిగాను. పరిగెత్తడం గురించి మా ఇంట్లో ఇన్ని నెలలు మాట్లాడుకున్నాం. నా మోకాలు, నా పిక్కలు, ఆయన లివరు, ఆయన షుగరు. ఆవిడ రోజూ ఆ మెట్లు గోడ పట్టుకునే ఎక్కుతోంది. ముసలాళ్ళు అలాగే ఎక్కుతారనుకున్నాం.

"ఎన్నాళ్ళనుంచమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడడిగితే ఏటి సెప్పను? సిగ్నల్ సూడు, పచ్చ పడినాది."

మర్నాడు ఆవిడని కూడా డాక్టరుకి చూపించాం. బొత్తాం పట్టని డాక్టరే. మోకాలి చిప్ప కింద అరిగిందన్నాడు, కొన్ని వ్యాయామాలు రాసిచ్చాడు, రోజూ చదునైన చోట కాసేపు నడవమన్నాడు. నేను ఉత్సాహంగా, "పడాంగ్ గడ్డి మీద చెప్పులు విప్పి నడవండి అత్తా, ఎంత హాయిగా ఉంటుందో" అన్నాను.

"నడుస్తాను. సెప్పులు మాత్రం ఇప్పను," అంది. "సిన్నప్పుడు ఎల్లినకాడికల్లా ఆ కాళ్ళతోనే ఎల్లినాను. జెలగలు పట్టినాయి, ముళ్ళు గుచ్చుకున్నాయి. మీకది సరదా. నాకు సెప్పులే సరదా." మాటల్లో వేడి లేదు. నిజం చెప్పినట్టు చెప్పింది. తర్వాత నేను ఎప్పుడూ ఆ సలహా ఇవ్వలేదు. ఎర్ర పట్టీలున్న మెత్తటి చెప్పులు కొనిచ్చాం. అవి వేసుకుని పడాంగ్ చుట్టూ తిరుగుతూ ఎవరి బట్టలు సరిగ్గా ఆరలేదో, ఎవరి గేటుకి రంగు పోయిందో చూసుకుంటుంది.

ఎదురింటావిడ మాత్రం గుడి నుంచి వచ్చిన మర్నాడే నన్ను ఆపింది. మొక్కు తీరాక చెప్పులు వేసుకోవాలి కదా, మళ్ళీ వట్టి కాళ్ళతో కనబడ్డాను.

"మళ్ళీనా? ఇప్పుడేమైందమ్మా?" అంది గాభరాగా.

ఈసారి రొప్పడం లేదు. గేటు దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. మోకాలు, బూట్లు, చీనా ఆవిడ, ఊపిరి అందక తల ఊపడం, అన్నీ. మీ అరటిపళ్ళేనా అని కూడా అడిగాను. ఆవిడ చివరిదాకా శ్రద్ధగా విని, నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

"సరే, సరే. పైకి చెప్పకూడదులే. చెబితే ఫలం పోతుంది," అని కన్నుగీటి ముగ్గు పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మోకాలు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పూర్తిగా పోలేదు. తడి మెట్ల మీద ఇంకా గొణుగుతుంది. గులకరాళ్ళ రోడ్డు మీద నేను ఇప్పటికీ వట్టి కాళ్ళతో పరిగెత్తలేను, పల్చటి అడుగున్న బూట్లు వేసుకుంటాను. ఓసారి సిమెంటు మీద అత్యాశకి పోయి పాదం పైన వాపొస్తే రెండు వారాలు ఇంట్లో కూచున్నాను. అయినా వారంలో మూడు నాలుగు పొద్దులు బయటికి పోతాను. మోకాలి కోసం అని అందరికీ చెబుతాను గానీ, తడి రోడ్డు మీద ఆ మొదటి నాలుగు అడుగుల కోసమే పోతాను.

మొన్న సెలవులకి కౌలా సెలంగోర్‌లో అత్త చెల్లెలింటికి వెళ్ళాం. వాళ్ళ ఇంటి వెనకనుంచి పామాయిల్ తోటలోకి ఎర్రమట్టి దారి పోతుంది. తెల్లవారగానే ఆ దారిన పడ్డాను. మట్టి చల్లగా, బిగుసుకుని, కాలికి భలేగా ఉంది. రెండు పక్కలా పామ్ చెట్లు, ఎవరూ లేరు. ఇలాంటి దారి మీద రోజంతా పరిగెత్తొచ్చు అనుకుంటూ ఉంటే, గెలలు పోగేసిన చోటునుంచి ఓ నల్లకుక్క లేచింది. అరవలేదు. నేరుగా నా వెంటపడింది.

చీనా ఆవిడ చెప్పినవన్నీ ఆ రోజు ఒక్కసారిగా వచ్చేశాయి. చిన్న అడుగులు, మెత్తటి అడుగులు, మడమ నేలకి తగిలితే ఒట్టు. నా జన్మలో అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. ఎదురుగా మోటారుసైకిలు మీద వస్తున్న ఓ మనిషి బండి ఆపి, ముందు నన్ను చూసి, తర్వాత కుక్కని చూసి, పగలబడి నవ్వాడు.

"అది కరవదు! నిన్నటినుంచి దానికి తోడెవరూ లేరు, ఆడుకోవడానికొచ్చింది," అని అరిచాడు తమిళంలో.

నేను ఆగాను. కుక్క కూడా ఆగింది. ఇద్దరం నాలుకలు బయటపెట్టి రొప్పుతూ ఒకళ్ళ పాదాలు ఒకళ్ళం చూసుకున్నాం. తర్వాత నేను ఇంటివైపు తిరిగి పరుగు మొదలుపెడితే, అది కూడా నా పక్కన, చప్పుడు లేకుండా, గేటు దాకా వచ్చింది.